లైసెన్స్ ఉంది, బండి లేదు

మార్కెట్ చల్లబడిందని టీవీలో నిపుణులు చెప్పేసరికే ఆ సంగతి లారీ స్టాండుకు తెలిసి చాలా రోజులై ఉంటుంది. సిమెంట్ అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీవాడు లోడింగ్ తగ్గిస్తాడు. లోడు తగ్గితే లారీ ఆగుతుంది, లారీ ఆగితే డ్రైవర్ బత్తా ఆగుతుంది. జీడీపీ లెక్క ఢిల్లీలో మూడు నెలలకోసారి వస్తుంది. బత్తా లెక్క రోజూ సాయంత్రానికి తేలిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లోడు లేని లారీ బెంచ్ మీద ఉన్నట్టు. కాకపోతే బెంచ్ మీదున్న ఇంజనీరుకు కొన్నాళ్లయినా జీతం పడుతుంది. స్టాండులో నిలబడ్డ లారీకి మాత్రం ఫైనాన్స్ కిస్తీ ఒక్కటే టైముకు వస్తుంది.

స్టాండులో వరసగా కూర్చున్న పాత డ్రైవర్ల బాధ అందరికీ కనిపిస్తుంది. వాళ్ల వెనకాల, కొత్త హెవీ లైసెన్స్ జేబులో పెట్టుకుని నిలబడే కుర్రాడు ఒకడుంటాడు. రోజులు బాగున్నప్పుడే వాడికి బండి దొరకడం కష్టం. రోజులు బాగా లేనప్పుడు వాడి సంగతేంటి? ఈ వారం వాడి గురించే మాట్లాడుకుందాం.

2019లో మా ఇంట్లోనే అలాంటివాడు ఒకడుండేవాడు. మా పెద్దనాన్న కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మాది సూర్యాపేట జిల్లా, హుజూర్‌నగర్ దగ్గర పల్లె. ఆ ఏడాదే నేను బీటెక్ ముగించి, క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్‌తో జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూస్తున్నాను. అన్నయ్య డిగ్రీ మధ్యలో ఆపేసి, అప్పు చేసి డ్రైవింగ్ స్కూల్లో చేరి హెవీ లైసెన్స్ తెచ్చుకున్నాడు. కంపెనీ నాకు "త్వరలో చెబుతాం" అని మెయిల్ పెట్టేది. లారీ ఓనర్లు అన్నయ్యకు అదే మాట నోటితో చెప్పేవాళ్లు.

అసలు ఆ లైసెన్స్ రావడమే చిన్న పని కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాది పాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉండాలి. డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ కావాలి, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. అప్పట్లో ఎనిమిదో తరగతి చదువు కూడా తప్పనిసరిగా ఉండేది, 2019లోనే ఆ నిబంధన తీసేశారు. ఇన్ని దాటి లైసెన్స్ చేతికొచ్చాక కుర్రాడికి అనిపిస్తుంది, ఇక బండెక్కడమే మిగిలిందని.

ఓనర్ వైపు నుంచి కూడా చూడండి. పాతిక ముప్ఫై లక్షల బండి. నెలకు యాభై అరవై వేలు కిస్తీ. ఇన్సూరెన్స్, టైర్లు, డీజిల్, టోల్ వేరే. మీరయితే ఆ తాళాలు నిన్న టెస్ట్ పాసైనవాడి చేతిలో పెడతారా? పైగా వాడు నేర్చుకుంది ఖాళీ బండి మీద. టెస్ట్ ఇచ్చిందీ ఖాళీ బండి మీదే. లోడు బండి పూర్తిగా వేరే జంతువు. బ్రేక్ వేస్తే ఆగే దూరం వేరు, మలుపులో వెనక టైర్లు కోసుకునే లెక్క వేరు. దిగుడులో బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చుంటే లైనర్లు వేడెక్కి బ్రేకులు పట్టవు, గేరు తగ్గించి ఇంజన్‌తో బండిని పట్టుకోవాలి. ఇవేవీ లైసెన్స్ కార్డు మీద రాసి ఉండవు.

అందుకే మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరైనా, కోదాడ హైవే మీద ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లోనైనా, మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీల గేట్ల దగ్గరైనా అన్నయ్యకు ఒకటే ప్రశ్న ఎదురయ్యేది.

"లైసెన్స్ సరే తమ్మీ, ఎవరి బండి నడిపినవో చెప్పు."

ఎవరి బండీ నడపలేదు. నడపాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇవ్వాలంటే ముందే నడిపి ఉండాలి. ఫ్రెషర్‌కు రెండేళ్ల అనుభవం అడిగే ఐటీ కంపెనీలను చూసి మనం జోకులేసుకుంటాం కదా, లారీ స్టాండులోనూ అదే జోకు నడుస్తోంది. మాకు కనీసం ప్రాజెక్ట్ అని ఒకటి చూపించుకునే వీలుంటుంది. డ్రైవర్‌కు ఇంట్లో కూర్చుని చేసే డెమో ప్రాజెక్ట్ ఉండదు.

మామూలు రోజుల్లో ఈ ముడి ఎలాగోలా విడిపోతుంది. లోడ్లు ఎక్కువై, డ్రైవర్లు తక్కువై, బండి ఖాళీగా పెట్టుకోలేక ఓనర్ "సరే, చూద్దాం పద" అంటాడు. 2019లో ఆ "సరే" అనే పరిస్థితే లేకుండా పోయింది. దాని వెనక ఒకదాని మీద ఒకటి పడిన కారణాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. గంటల తరబడి లైన్లో నిలబడే బాధ తగ్గింది. మంచిదే. కానీ అదే లారీ నెలలో ఒకటో రెండో ట్రిప్పులు ఎక్కువ తిరగగలిగితే, అదే సరుకుకు తక్కువ లారీలు సరిపోతాయి. రెండోది, 2018 జూలైలో కేంద్రం లారీలు మోయగలిగే బరువు పరిమితిని సుమారు 20 నుంచి 25 శాతం పెంచింది. అదీ ఓనర్లకు మంచిదే. కానీ వంద లారీల సరుకును ఎనభై అయిదు లారీలు మోసేస్తే మిగతా పదిహేను ఏం చేయాలి? వాటి డ్రైవర్లు ఏం చేయాలి? మూడోది, 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ఎఫ్ఎస్ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. దాంతో లారీలకు అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకే డబ్బు పుట్టడం కష్టమైంది. కొత్త బండి కొనేవాడు తగ్గాడు.

సరుకు పెరుగుతూ ఉంటే ఈ మార్పులన్నీ సర్దుకునేవి. సరిగ్గా అప్పుడే సరుకు తగ్గింది. 2019 సెప్టెంబర్‌లో అశోక్ లేలాండ్ లాంటి పెద్ద కంపెనీ కూడా అమ్మకాలు లేక కొన్ని ప్లాంట్లలో రోజుల తరబడి ఉత్పత్తి ఆపుకుంది. మా ప్రాంతానికి ఇంకో దెబ్బ పడింది. మా సిమెంట్‌కు కృష్ణా నది అవతల ఆంధ్ర పెద్ద గిరాకీ. ఆ ఏడాది అక్కడ ఇసుక విధానం మారుతూ నెలల తరబడి ఇసుక దొరకలేదు, అమరావతి పనులూ ఆగాయి. ఇసుక లేనిదే సిమెంట్ బస్తా ఎవడికి కావాలి?

ఇలాంటప్పుడు స్టాండులో ఏమవుతుందంటే, పదిహేనేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్ కూడా తక్కువ బత్తాకు ఒప్పుకుంటాడు. అతనికి పిల్లల ఫీజులున్నాయి మరి. అంత అనుభవం అంత చవగ్గా దొరుకుతుంటే కొత్తవాడి వైపు చూసే ఓనర్ ఎవరు? మందగమనం పాతవాడి జీతం తగ్గిస్తుంది. కొత్తవాడికైతే వరసలో నిలబడే చోటు కూడా ఉంచదు. ఐటీలో అయినా ఇంతే, లేఆఫ్‌ల వార్తలు పేపర్లో వస్తాయి. అసలు పిలుపే రాని ఫ్రెషర్ల లెక్క ఏ వార్తలోనూ రాదు.

అక్టోబర్‌లో వేరే రకం పిలుపు వచ్చింది.

2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది ప్రధాన డిమాండ్. దాదాపు 48 వేల మంది ఉద్యోగులు. బస్సులు నడపడానికి తాత్కాలిక డ్రైవర్లను తీసుకున్నారు, రోజుకు 1,500 రూపాయలు. హెవీ లైసెన్స్ ఉంటే చాలు, డిపో గేటు దగ్గరికి వెళితే పని ఉంది. అయిదు నెలలుగా ఎవరూ స్టీరింగ్ ముట్టనివ్వని అన్నయ్యకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

పెద్దమ్మ తమ్ముడు ఆర్టీసీ డ్రైవర్. సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ అడగకముందే ఆయనే ఎత్తాడు.

"పోతే పో బిడ్డా. నీ బాధ నాకు తెలుసు, నేనేమీ అనుకోను. గానీ ఒక్క మాట. మేం లోపలికి వచ్చిన్నాడు నిన్ను బయటికి పంపిస్తరు. అప్పుడు నువ్వు ఎవరి మనిషివీ కావు."

పెద్దనాన్న ఏమీ మాట్లాడలేదు. అప్పు ఆయన పేరు మీదే ఉంది. అన్నయ్య మర్నాడు పొద్దున డిపో దాకా వెళ్లాడు. గేటు బయట టెంటులో మామతోపాటు పనిచేసేవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన గుర్తుపట్టి "టీ తాగుతవా" అని అడిగాడట. టీ తాగి వెనక్కి వచ్చేశాడు. అన్నయ్యతోపాటు డ్రైవింగ్ నేర్చుకున్న స్నేహితుడు మాత్రం వెళ్లాడు, నలభై రోజులకు పైగా బస్సు నడిపాడు. ఆ సమ్మె 52 రోజులు సాగింది. కార్మికులు తిరిగి విధుల్లో చేరాక అతని అవసరం తీరిపోయింది. ఆ నలభై రోజులూ నడిపినట్టు ఒక కాగితం ముక్క కూడా అతని చేతిలో లేదు.

ఆ స్నేహితుడు తప్పు చేశాడని నేను అనను. ఇంట్లో ముసలి తల్లి మందులకు ఆ డబ్బే అక్కరకొచ్చింది. అన్నయ్యది మహా త్యాగమనీ అనను. మామ మొహం చూడలేకపోయాడు, అంతే. నేను చెప్పేదల్లా ఒకటే. పని లేని రోజుల్లో కొత్తవాడి ముందుకు వచ్చే మొదటి అవకాశం చాలాసార్లు ఇలాంటిదే అయి ఉంటుంది, ఇంకొకరి కడుపు మీదుగా నడిచి వెళ్లాల్సినది. అలా నిలబెట్టిన పరిస్థితిని వదిలేసి ఆ కుర్రాళ్లను మాత్రం తిట్టడం తేలిక.

డిసెంబర్‌లో అన్నయ్య ఒక పన్నెండు టైర్ల లారీకి క్లీనర్‌గా ఎక్కాడు. హెవీ లైసెన్స్ ఉన్నవాడు క్లీనర్‌గా! ఊళ్లో నవ్వారు. రోజుకు 300 బత్తా, తిండి. నా జాయినింగ్ డేట్ కూడా ఆ నెలలోనే వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఏసీ గదిలో ట్రైనింగ్‌కు కూర్చున్నాను, అన్నయ్య ట్రైనింగ్ విజయవాడ రోడ్డు మీద మొదలైంది. నాకు నేర్పించినందుకు కంపెనీ జీతం ఇచ్చింది. వాడికి నేర్పించిన డ్రైవర్‌కు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఆ నాలుగు నెలల్లో వాడు నేర్చుకున్నవి వింటే నాకు ఆశ్చర్యం వేసేది. పట్టా కప్పి తాడు బిగించడం, రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడును బట్టి గాలి చెప్పడం, కాటా దగ్గర ఖాళీ బరువు, లోడు బరువు సరిచూసుకోవడం. ఏ మిల్లులో అన్‌లోడింగ్‌కు రెండు రోజులు పడుతుందో, ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాడు కిరాయి బాకీ పెడతాడో తెలుసుకోవడం. ఖాళీ బండితో తిరిగొచ్చే రాత్రుళ్లు పాత డ్రైవర్ పక్కన కూర్చుని స్టీరింగ్ ఇచ్చేవాడు. లైసెన్స్ ఉంది కాబట్టి అది చట్టప్రకారం కూడా సరైన పనే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఎక్కడి లారీలు అక్కడే ఆగిపోయాయి, భయంతో చాలామంది డ్రైవర్లు ఇళ్లకు వెళ్లిపోయారు. కొద్ది రోజులకే సరుకు రవాణాకు అనుమతి వచ్చింది. లారీలో ఇద్దరు డ్రైవర్లు, ఒక హెల్పర్ ఉండొచ్చన్నారు. అప్పుడే మా దగ్గర యాసంగి వరి కోతలు. పంటంతా ఊళ్లలోని కొనుగోలు కేంద్రాల్లోనే కొంటామని ప్రభుత్వం ప్రకటించింది. ధాన్యం కుప్పలు పెరుగుతున్నాయి, మిల్లుల్లో హమాలీలు లేరు, లారీలున్నా నడిపేవాళ్లు చాలడం లేదు. పాత డ్రైవర్‌కు షుగర్, ఇంట్లోవాళ్లు కదలనివ్వలేదు. ఓనర్ ఫోన్ చేసి అన్నయ్యను అడిగింది ఒక్కటే, "లోడు మీద నడపగలవా?" ఎవరి బండి నడిపావని అడగలేదు. అది ఆయన బండే మరి.

మొదటి లోడు మా పక్క ఊరి కేంద్రం నుంచి మిర్యాలగూడ మిల్లుకు ధాన్యం. అక్కడ దింపుకోవడానికి రెండు రోజులు లారీలోనే పడిగాపులు. అయినా ఆ రోజు నుంచి ఇప్పటిదాకా వాడికి బండి లేని నెల లేదు.

దీన్ని పట్టుకుని "ఓపిక ఉంటే అన్నీ వస్తాయి" అని నీతి చెప్పదలుచుకోలేదు. ఓపిక పట్టి ఏమీ రానివాళ్లూ ఉన్నారు. అన్నయ్య దగ్గర, వాడి స్నేహితుల దగ్గర విన్నవాటిలో కొత్తవాళ్లకు పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

పెద్ద బండి దొరకకపోతే చిన్న బండితో మొదలుపెట్టండి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబర్‌లో అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం అదే ఖాయం చేసింది. కూరగాయల పికప్, పాల వ్యాన్, కొరియర్ బండి, ఏదైనా సరే. "ఫలానావాళ్ల దగ్గర ఏడాది నడిపా" అనే మాట అక్కడే పుడుతుంది.

కాస్త చదువుకున్నవాళ్లయితే గ్యాస్, పెట్రోల్ ట్యాంకర్ల వైపు చూడండి. ప్రమాదకర సరుకు నడపడానికి మూడు రోజుల శిక్షణ, లైసెన్స్ మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్ కావాలి. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లిష్ చదవడం, రాయడం రావాలి. ఆ నిబంధన వల్లే పోటీ కొంత తక్కువ. మొదటి రోజే ట్యాంకర్ ఎవరూ ఇవ్వరు, కానీ కాగితం ముందే ఉంటే రెండో ఏడాదిలో అక్కరకొస్తుంది.

సీజన్ చూసుకుని అడగండి. కోతల టైములో ధాన్యం, గుంటూరు యార్డుకు మిర్చి వచ్చే నెలల్లో మిర్చి. సరుకు ఒక్కసారిగా మీద పడినప్పుడే ఓనర్ మనసు మెత్తబడుతుంది. వానాకాలంలో కట్టడాలు మందగించినప్పుడు సిమెంట్ గేటు దగ్గర నిలబడితే లాభం లేదు.

పని లేదన్న తొందరలో కాగితాలు చూడకుండా బండెక్కొద్దు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్ మూడూ తేదీలతో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గడ్డు రోజుల్లో ఓనర్లు మొదట ఎగ్గొట్టేది ఇన్సూరెన్స్ ప్రీమియమే. ప్రమాదం జరిగితే మొదట స్టేషన్‌కు వెళ్లేది డ్రైవరే. బత్తా ఎంత, డీజిల్ తేడా వస్తే ఎవరిది, అన్‌లోడింగ్ ఆలస్యమైన రోజులకు ఏమిస్తారు, ఈ మూడూ వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టించుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి. నిజంగా డ్రైవర్ కావాల్సినవాడు మీ దగ్గర డబ్బు తీసుకోడు, దారి ఖర్చులకు తనే అడ్వాన్స్ ఇస్తాడు.

కుర్రాళ్లకు సలహాలు చెప్పేస్తే పని అయిపోదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రవాణా కార్మికుల కోసం 1961లోనే చట్టం చేశారు. కానీ అది అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకే వర్తించేలా రాశారు. మన దేశంలో లారీ ఓనర్లలో ఎక్కువమంది ఒకటి రెండు బండ్లవాళ్లే. అంటే కొత్త డ్రైవర్‌కు మొదట దొరికే పని దాదాపుగా ఆ చట్టం కంటికి కనపడని చోటే దొరుకుతూ వచ్చింది.

ఇంకొకటి, క్లీనర్ సీటు. బళ్లోనూ కాలేజీలోనూ నేర్పనిది తరాలుగా ఆ సీటే నేర్పింది. ఇప్పుడు చాలా లారీల్లో ఆ సీటు ఖాళీ. కిరాయి పెరగలేదు, డీజిల్ పెరిగింది, ఓనర్ మొదట మిగుల్చుకునేది క్లీనర్ బత్తానే. ఆ మిగులు ఈ ఏడాది లెక్కలో లాభంగా కనిపిస్తుంది. అయిదేళ్ల తర్వాత డ్రైవర్లు దొరకడం లేదని అదే ఓనర్ వాపోతాడు. మా ఐటీలోనూ ఇప్పుడు జూనియర్లు చేసే పని మెషీన్లతో చేయిద్దాం అంటున్నారు, రేపటి సీనియర్ ఎక్కడి నుంచి వస్తాడని మీటింగ్‌లో అడిగితే టాపిక్ మారుస్తున్నారు.

అన్నయ్య ఇప్పుడు పద్నాలుగు టైర్ల బండి నడుపుతున్నాడు. పోయిన నెల ఓనర్‌ను ఒక క్లీనర్ కావాలని అడిగాడట. ఊళ్లో ఒక కుర్రాడు లైసెన్స్ తెచ్చుకుని ఖాళీగా ఉన్నాడు. ఓనర్ లెక్క వేసుకుని గిట్టుబాటు కాదన్నాడు. మొదటి మూడు నెలలు ఆ కుర్రాడి బత్తాలో సగం తన బత్తాలోంచి ఇస్తానన్నాడు అన్నయ్య. వదినకు ఇంకా చెప్పలేదు. ఓనర్ ఆలోచించి చెబుతానన్నాడు.